గురువారం ఇల్లు

ఫిబ్రవరి పదకొండో తేదీ ఆమెకి బాగా గుర్తు. ఆ ఉదయం ఇంట్లో ముగ్గురూ తిన్నది ఉడికించిన గుడ్లు, ఒకవైపు మాడిన బ్రెడ్డు. మాడిన వైపు కిందికి తిప్పి పళ్ళాల్లో పెట్టింది. నాన్న చూసి కూడా చూడనట్టు తినేశాడు. తమ్ముడు మాత్రం ఊరుకోలేదు.

"అక్కా... ఇవాళ... బొగ్గు... స్పెషలా?"

బ్రెడ్డు మాడటానికి కారణం కింద వీధిలో ఆగిన తెల్ల వ్యాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి దాన్నే చూస్తూ స్టవ్ సంగతి మర్చిపోయింది.

తమ్ముడికి పందొమ్మిదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినవు. మాట కూడా ఆగి ఆగి వస్తుంది. అందుకే ఉన్న మాటల్ని పొదుపుగా వాడతాడు, వాడినవన్నీ వేళాకోళానికే వాడతాడు. గడ్డం గీసుకునే వయసొచ్చినా ఇంట్లో చంటి అనే పిలుస్తారు.

ఆమెది బీమా ఆఫీసులో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. వానలో తడిసి పాడైందన్న టీవీ ఫొటోలో, వెనక గోడ మీద పడ్డ ఎండని పట్టేసుకునే రకం. దానికి ఆఫీసులో మంచి పేరొచ్చింది. ఇంట్లో మాత్రం సీఐడీ అనే పేరొచ్చింది.

"ఇంటికే వచ్చి ఉచితంగా థెరపీ చేస్తారటమ్మా. పరికరాలన్నీ ఆ వ్యానులోనే ఉంటాయట" అన్నాడు నాన్న.

"ఉచితంగా ఇంటికొచ్చేవి దోమలొక్కటే నాన్నా."

ఆ మాట ఊరికే అనలేదు. ఆ మధ్య ఇలాగే ఒకావిడ వచ్చింది. మెత్తగా మాట్లాడింది, ఇల్లంతా తిరిగి చూసింది, టీ తాగింది. వెళ్తూ వెళ్తూ, "ఇలాంటి పిల్లలకి ఊరి బయట మంచి హాస్టల్ ఉందమ్మా. ఇక్కడ మీ వల్ల ఏమవుతుంది?" అంది. చంటి వింటూనే ఉన్నాడు. ఆ పూట భోజనం ముట్టలేదు. మళ్ళీ ఎవరైనా అలాంటి మాట అంటే గుమ్మంలోంచే పంపించేయాలని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఇంతలో బెల్లు మోగింది.

వచ్చిన థెరపిస్టు బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. భుజాన వాడికంటే లావైన బ్యాగు. బూట్లు విప్పితే ఒక సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు. ఇలాంటివాడు అమాయకుడైనా అయ్యుండాలి, ఆరితేరినవాడైనా అయ్యుండాలి అనుకుంది.

"రాత్రిళ్ళు చంటి పిలిస్తే లేచేదెవరండీ?" అని మొదలుపెట్టాడు.

"నేనే."

"మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఎత్తేది?"

"నేనే."

"నడుం నొప్పి ఎప్పట్నుంచి?"

ఆమె ఉలిక్కిపడింది. "నాకు నడుం నొప్పని మీకెవరు చెప్పారు?"

"బ్యాగు ఇక్కడ పెట్టండని వంగకుండా కాలితో చూపించారు కదా."

ఆమె చురచురా చూసింది. అతను టేపు తీసి మంచం ఎత్తు కొలిచాడు. బాత్రూం గడప కొలిచాడు. కొనడానికొచ్చినవాడిలా ఇల్లంతా కలయజూశాడు. ఆమెకి అర్థమైపోయింది. ఇల్లు పనికిరాదు, అక్కకి చేతకాదు అని తేల్చడానికే వచ్చాడు. తర్వాత చంటిని తీసుకుపోతారు.

"గురువారం గురువారం వస్తానండీ" అన్నాడు వెళ్తూ.

"రండి" అంది. మనసులో మాత్రం, వచ్చి చూడు చెప్తాను అనుకుంది.

అప్పటి నుంచి ప్రతి గురువారం ఆ ఇల్లు వేరే ఇల్లయ్యేది. ఆమె ఒక పూట సెలవు పెట్టి నేల తుడిచేది. పగలంతా చంటి పడుకునే, హాల్లో నేల మీది పరుపు చుట్టి బీరువా వెనక్కి తోసేది. బేసినూ, పాత దుప్పట్లూ మాయం. చంటికి ముందే తినిపించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి కుర్చీలో కూర్చోబెట్టేది.

"పెళ్ళిచూపులు... నాకా... నీకా?" అనేవాడు చంటి.

"నోరు మూసుకుని నిటారుగా కూర్చో. పరుపు సంగతి ఆయనకి చెప్పకు. సీక్రెట్."

థెరపిస్టు వచ్చి అడిగేవాడు. "రోజంతా ఈ కుర్చీలోనే ఉంటాడా?"

"ఇందులోనే."

"మంచినీళ్ళు ఎలా తాగుతాడు?"

"అందరూ తాగినట్టే. నోటితో."

అతను నవ్వాపుకుని చంటి వైపు తిరిగేవాడు. ఏవేవో వ్యాయామాలు చేయించేవాడు. వారాలు గడుస్తున్నా పెద్దగా మారిందేమీ లేదు. ఒకరోజు గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: "ఏమనుకోకండి. ఈ ఇంట్లో మనుషులు ఉంటున్నట్టు లేదండీ. షోరూంలా ఉంది."

"శుభ్రంగా ఉంటే తప్పా?"

"తప్పని కాదు. అనుమానం."

"అనుమానమా? మీకా?" ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అనుమానించే హక్కు ఆ ఇంట్లో తన ఒక్కదానిదే అని ఆమె నమ్మకం.

ఒక్క విషయం మాత్రం ఆమెకి కొరుకుడు పడలేదు. చంటి మాట మొదలుపెడితే మధ్యలో అందరూ అందించేస్తారు. నాన్న అందిస్తాడు, ఆమే అందిస్తుంది. అతను మాత్రం అందించడు. చంటి చివరి మాట వచ్చేదాకా తలొంచుకుని వింటాడు, తర్వాత నవ్వాల్సినంత నవ్వుతాడు. అంత ఓపిక ఎవరికీ ఊరికే ఉండదు. ఇందులో ఏదో ఉంది అనుకుని, అతను వింటున్నంతసేపూ ఆమె అతన్నే చూసేది. చూస్తూ ఉండిపోయేది.

ఒక మంగళవారం వాన దంచికొట్టింది. ఆ రోజు ఆమెకి నడుం పట్టేసి ఆఫీసుకి వెళ్ళలేదు. జుట్టు ముడేసుకుని, నడుముకి బెల్టు కట్టుకుని, బేసిన్లో దుప్పట్లు తడుపుతోంది. రాత్రంతా మెలకువగా ఉన్న నాన్న సోఫాలో గుర్రు పెడుతున్నాడు. గాలికి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో థెరపిస్టు, నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసి.

"పక్క వీధిలో నీళ్ళు నిలిచాయండీ, వ్యాను కదల్లేదు. మీ ఇల్లు దగ్గర కదా అని..."

"ఇవాళ గురువారం కాదు!" అని అరిచింది.

అతను ఆమెని చూడటం లేదు. నేల మీద చంటిని చూస్తున్నాడు. చంటి పరుపు దిగి, మోచేతుల మీద పాక్కుంటూ, గది ఆ చివర కింది అర దాకా వెళ్ళాడు. అక్కడి సీసాని మోచేతుల మధ్య ఇరికించుకుని, గొట్టంతో నీళ్ళు తాగుతున్నాడు.

"నువ్వు మోచేతుల మీద ఇంత దూరం వస్తావా?" అతని మొహం వెలిగిపోయింది. "నాకెందుకు చెప్పలేదురా?"

"అక్క... సీక్రెట్... అంది."

ఆమెకి ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఒక చేత్తో నడుం పట్టుకుని లేచింది. "రాసుకోండి. ఇల్లు ఇలా ఉందని రాసుకోండి. అక్క వంగలేదని రాసుకోండి. నేను బతికుండగా వాడిని ఏ హాస్టల్‌కీ పంపను, అది కూడా రాసుకోండి!"

నాన్న గుర్రు ఆగిపోయింది.

"హాస్టలేంటండీ?" అతను అయోమయంగా చూశాడు. "పంపించే పనైతే నేను ఇంటికెందుకు వస్తాను? ఆస్పత్రి హాల్లో పట్టుకోడానికి కడ్డీలుంటాయి, మెత్తటి బల్లలుంటాయి. అక్కడ అందరూ బాగానే చేస్తారు. ఇంటికెళ్తే అవేవీ ఉండవు. అందుకే మేమే వస్తాం. మీ మంచం, మీ గడప, మీ నీళ్ళ సీసా, నా పని వీటితోనే. మీరేమో అవన్నీ దాచేసి ఇన్ని వారాలు నాకు ఆస్పత్రి హాలే చూపించారు."

ఎన్నో దొంగ క్లెయిములు పట్టుకుంది ఆమె. తను పెట్టిన క్లెయిము పట్టుబడటం ఇదే మొదటిసారి. తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అతను తల తుడుచుకుంటుంటే, "ముందు కాళ్ళు తుడుచుకోండి, నేలంతా మీ వల్లే పాడైంది" అంది. అంతకంటే మంచి క్షమాపణ ఆమెకి రాలేదు.

ఆ గురువారం ఆమె ఏమీ సర్దలేదు.

చంటి మోచేతుల్లో అంత బలం ఉందని తెలిశాక పని మారింది. కుర్చీకి సమానంగా వచ్చేలా అతను మంచం కోళ్ళు కోయించాడు. మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి చెక్క పలక వేసి, దాని మీద జరగడం నేర్పాడు. మొదట్లో చంటి సగంలో ఆగిపోయి, "స్టేషన్... వచ్చింది" అనేవాడు. తర్వాత్తర్వాత ఆగడం మానేశాడు. కుర్చీ చక్రాలు కూడా తనే నెట్టుకోవడం మొదలుపెట్టాడు. చంటిని ఎత్తకుండా దుప్పటితో పక్కకి తిప్పడం నాన్నకి నేర్పాడు థెరపిస్టు. బాత్రూం గడప మీద ఏటవాలు చెక్క పడింది.

ఇదివరకు ఆస్పత్రికి వెళ్ళాలంటే నాన్న చంటిని మోసుకుని మెట్లు దిగాలి, రెండు బస్సులు మారాలి. తిరిగొచ్చాక చంటి మర్నాడంతా లేచేవాడు కాదు, నాన్న చేతులు వణికేవి. ఇప్పుడు నాన్న మధ్యాహ్నాలు పేపరు చదువుతున్నాడు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. ఆమెకి ఒకరోజు పొద్దున్నే లేచాక ఏదో వెలితిగా తోచింది. తీరా చూస్తే నడుం నొప్పి లేదు.

సెలవు పెట్టాల్సిన అవసరమూ లేదు. అయినా గురువారాలు పెట్టేది. ఎందుకని ఆఫీసులో అడిగితే, "నిఘా" అనేది.

"వ్యాను బావ... వచ్చాడు" అనేవాడు చంటి కిటికీ దగ్గర్నుంచి.

"బావేంట్రా బావ! చెంప పగులుతుంది."

అలాంటి ఒక గురువారం వ్యాను ఆగింది. అందులోంచి కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ దిగింది.

"ఇక మీ ఇంటికి నేనొస్తానమ్మా. ఈ ఇంటి డ్యూటీ ఇంకొకరికి మార్చమని ఆయనే అడిగాడు. చంటి సంగతులన్నీ దగ్గర కూర్చోబెట్టి చెప్పాడులే."

పాత అనుమానాలన్నీ ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. అనుకున్నంతా అయింది. ఓపిక నటన, నవ్వు నటన. విసుగొచ్చింది, వదిలించుకున్నాడు. కిందికి దిగి డ్రైవర్ని నిలదీసింది.

"నాకేం తెలుసమ్మా. మీ ఇంటి ముందు ఆగగానే నా అద్దంలో జుట్టు సవరించుకునేవాడు. మరేమైందో ఏమో."

ఇంత సాక్ష్యం చేతిలో పెట్టినా ఆ రోజు మన సీఐడీకి తట్టలేదు. థెరపిస్టుకే ఫోన్ చేసింది.

"మా ఇల్లు నచ్చలేదా?"

"నచ్చిందండీ."

"చంటి విసిగించాడా?"

"వాడు బంగారం."

"నేనేమైనా అన్నానా?"

"చాలా అన్నారు. అన్నీ గుర్తున్నాయి."

"మరెందుకు పారిపోయారు?"

"ఇంటికొచ్చి చెప్పొచ్చా? ఫోన్లో చెబితే మీరు నమ్మరు."

ఆదివారం సాయంత్రం వచ్చాడు. బ్యాగు లేకపోయేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ వెనక్కి కట్టుకున్నాడు. నాన్న, చంటి, ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"వైద్యం చేసే ఇంటికి మనసులో ఇంకో మాట పెట్టుకుని రాకూడదండీ. మాకు రూలుంది. లేకపోయినా తప్పే. ఆ మాట చెప్పాక మీరు కాదంటే, మొహమాటంతో చంటి వైద్యం ఆగిపోకూడదు. అందుకే ముందు వాడిని మంచి చేతుల్లో పెట్టి వచ్చాను."

"ఏ మాట?" అంది ఆమె. అర్థమైంది. అయినా నోటితో చెప్పించాలి కదా.

"మీరంటే ఇష్టం."

"ఎప్పట్నుంచి?"

"వానరోజు నుంచి."

"ఆ రోజు తల కూడా దువ్వుకోలేదు నేను."

"చూశాను."

ఆమె చెంపలు వేడెక్కాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంచింది. "నాకు నమ్మకం అంత తొందరగా కుదరదు. పైగా చంటి ఎప్పటికీ నాతోనే ఉంటాడు."

"చంటి లేకుండా ఈ ఇంట్లో నన్ను భరించేదెవరండీ? వాడుంటాడనే ధైర్యంతోనే వచ్చాను."

"నన్ను... అడగరా?" అన్నాడు చంటి. ముగ్గురూ ఆగారు. ఈసారి ఎవరూ మాట అందించలేదు. "నాకు... ఓకే. కానీ... టీవీ రిమోట్... నాదే."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "మీ అమ్మ కూడా నన్ను ఇలాగే ప్రశ్నలడిగింది తల్లీ. పాసయ్యానని చివరిదాకా చెప్పలేదు" అన్నాడు నవ్వి. తర్వాత అతని వైపు తిరిగి, "చేతులు కడుక్కుని రా బాబూ. భోంచేద్దాం" అన్నాడు.

భోజనాలయ్యాయి. నాన్న కుర్చీలోనే కునుకు తీశాడు. వాళ్ళిద్దరూ బల్ల దగ్గరే కూర్చుండిపోయారు. ఆమె అడుగుతోంది, అతను చెబుతున్నాడు. మధ్యలో ఇద్దరూ ఎందుకో నవ్వుతున్నారు.

చంటి తన కుర్చీ తనే నెట్టుకుంటూ గది వైపు కదిలాడు. అలవాటుగా ఆమె లేవబోయింది.

"అక్కా... కూర్చో. విచారణ... కానివ్వు."

ఆమె కూర్చుంది. చంటి గదిలోకి వెళ్ళి, నెమ్మదిగా కుర్చీ ఇటు తిప్పుకుని, మోచెయ్యి ఆనించి, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.