పంచదార డబ్బాకు తాళం

పంచదార డబ్బాకు తాళం పడిన రోజు నుంచీ ఆ ఇంట్లో అత్తాకోడళ్లకు మాటలు కరువయ్యాయి. తాళం వేసింది కోడలే. బట్టలు కుట్టుకునే ఆ ఇల్లాలు తాళంచెవిని నడుముకు దోపుకుని మరీ మిషను తొక్కేది.

పిచ్చుక అని ముద్దుగా పిలుచుకునే ఎనిమిదేళ్ల కూతురికి షుగరు. అది తన వైపు నుంచే, తన తండ్రి నుంచి తనకూ తన నుంచి బిడ్డకూ దిగివచ్చిందని పరీక్షలో తేలినప్పటి నుంచీ ఆ తల్లికి కంటిమీద కునుకు లేదు. పేరే షుగరు కదా, తీపి మానిపిస్తే సరిపోతుందనుకుంది. రొట్టె కూడా మానిపించింది. పొద్దున్నే షుగరు మాత్ర, రెండు గుడ్లు, అంతే!

ఒకరోజు అత్తగారు పిల్ల నోట్లో పంచదార పోస్తూ దొరికిపోయింది. చెమటలు పడుతున్నాయే అని ఆవిడ ఏదో చెప్పబోయింది. బిడ్డను చేజేతులా చంపుకుంటారా అని కోడలు కడిగిపారేసింది. ఆ సాయంత్రమే డబ్బాకు తాళం పడింది.

ఇంకోరోజు గుడ్లు తిన్న గంటకు పిచ్చుక వణికింది. షుగరు పెరిగిందనుకుని, నీరసానికి ఇంకో గుడ్డు తినిపించింది తల్లి. పిల్ల కళ్లు తేలేసింది. పంచదార తియ్యవే అని అత్తగారు అరిచేసరికి కోడలు తాళంచెవి కోసం తడుముకుంటే నడుము దగ్గర లేదు... ఎక్కడ జారిందో! అత్తగారు రోకలి తెచ్చి ఒక్క దెబ్బతో మూత పగలగొట్టింది. చెంపలోపల కొంచెం కొంచెంగా పంచదార రాస్తుంటే పిల్ల మెల్లగా కళ్లు తెరిచింది.

తర్వాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "ఆ మాత్ర వేసుకునే మీ పాపకు గుడ్డు, మాంసం తిన్నా ఇన్సులిన్ ఊరుతుందమ్మా. పక్కన రొట్టె లేకపోతే షుగరు పడిపోతుంది. అన్నీ సరిగ్గా పెట్టినా ఒక్కోరోజు పడిపోవచ్చు. అది మన చేతుల్లో లేదు."

ఇంటికొచ్చాక కత్తిరించిన గుడ్డ ముక్కల్లో దొరికిన తాళంచెవిని కోడలు అత్తగారి చేతిలో పెట్టింది. "మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"జబ్బు సంగతి నాకేం తెలుసే. ఒళ్లు చల్లబడేది, తీపి పెడితే నవ్వేది." ఆవిడ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నాకెందుకు? డబ్బాకు మూతే లేదుగా."

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మర్నాడు పిచ్చుక రొట్టెతో గుడ్డు తింటుంటే ఇద్దరూ చెరోపక్కన కూర్చున్నారు. చేయగలిగిందంతా అయిపోయింది. పిల్ల నుదుటిమీద చెమట పడుతుందేమోనని చూస్తూ ఉండటమే మిగిలింది.