ఫ్యాన్ లేని బోర్డు

"అది వద్దండీ," అన్నాడు కంప్యూటర్ షాపు అబ్బాయి, ఆమె చూపించిన డబ్బాను అల్మారాలోంచి దించకుండానే.

"ఏం? మంచి బోర్డు కాదా?"

"భేషైన బోర్డు, గేములాడేవాళ్లకి. మీరేమో ఇంట్లో కథలు చదివి రికార్డు చేస్తానంటున్నారు. దీని చిప్ మీద బుల్లి ఫ్యానుంది. వేడెక్కితే కీచుమంటుంది. ఆ కీచు మీ మైకులో పడుతుంది. ఇదిగో, ఈ మదర్‌బోర్డు తీసుకోండి. ఫ్యానుండదు, లైట్లుండవు, నోరెత్తదు."

ఆమె దాని వంక చూసింది. బూడిద రంగులో, కళ లేకుండా ఉంది. అల్మారాలోని డబ్బా మీద బొమ్మలో ఉన్నదేమో రంగురంగుల లైట్లతో పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.

"కంప్యూటర్ మీకా, నాకా?"

"మీకేనండీ. వినే చెవులు మాత్రం మీవి కావు కదా!"

ఆమెకు ఒళ్లు మండింది. ఇంట్లో అందరూ వసపిట్ట అని పిలిచే ఈ పిల్ల మాటకు మాట అప్పజెప్పకుండా ఎవర్నీ వదలదు. ఈసారి మాటకు బదులు పంతం పట్టి, కంప్యూటర్లో లైట్ల బోర్డే పెట్టించుకుపోయింది.

పంతం నెగ్గింది గానీ పని చెడింది. ఆడియో పుస్తకాల కంపెనీకి పంపిన నమూనా తిరిగొచ్చింది. "గొంతు బాగుంది. వెనకాల ఏదో కీచుమంటోంది. శుక్రవారం సాయంత్రంలోగా మళ్లీ పంపితే వింటాం," అని రాశారు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె కోరుకున్న పని అదొక్కటే. అది చేజారిపోతుందేమోనని ఏడుపొచ్చింది.

శుక్రవారం షాపు తలుపులు తీయగానే మొహం చెల్లక చెల్లక లోపలికి వెళ్లి సంగతి చెప్పింది. అతను బూడిద రంగు బోర్డూ, స్క్రూడ్రైవరూ సంచిలో వేసుకుని "పదండి," అన్నాడు.

"అనరేం? చెబితే విన్నారా అని?"

"మీరొస్తే అందామని రిహార్సల్ కూడా చేసుకున్నాను. మీ మొహం చూస్తే నోరు రాలేదు."

మధ్యాహ్నానికల్లా ఆమె ఇంట్లో బోర్డు మార్చడం అయిపోయింది. కిటికీకి దుప్పటి కట్టి, గది తలుపు మూశాడు.

"ఇప్పుడు మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేద్దాం. ఏ కీచూ లేకపోతే గెలిచినట్టే."

ఎదురెదురుగా కూర్చున్నారు. అతను స్క్రీన్ చూస్తున్నాడు. ఆమె అతని కనుబొమకు అంటుకున్న దుమ్ము చూస్తోంది. చెప్పడానికి వీల్లేదు కనుక చూస్తూనే ఉంది. అతను తలెత్తి ఆ చూపు పట్టుకున్నాడు. అంతలో తలుపు దబదబా మోగింది.

"ఏమే, లోపల చప్పుడే లేదేంటి?" బయటి నుంచి అమ్మ.

"చప్పుడు లేకుండా ఉండటమే పనమ్మా!"

"నువ్వు నోరు మూసుకున్నావా? ఒంట్లో బాగానే ఉందా?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. రికార్డయిన కాస్తా విన్నారు. అమ్మ తలుపు కొట్టేదాకా కీచు ఊసే లేదు. ఆమె సంబరంగా కథ అందుకుంది. రెండో వాక్యానికే గొంతు వణికింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ వణికింది.

"మీరు కాసేపు హాల్లో కూర్చుంటారా?"

అతని మొహం చిన్నబోయింది. "నా ఊపిరి మైకులో పడుతోందా?"

"మీది కాదు. మీరెదురుగా ఉంటే నా గుండె చప్పుడు పడుతుందేమోనని..."

అనేసి నాలుక కరుచుకుంది. అతను లేచి, కుర్చీ తన్నుకుని, స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే హాల్లోకి వెళ్లిపోయాడు.

ఇక గొంతు సాఫీగా సాగింది. కథ చివరికొచ్చింది. ఆఖరి వాక్యం మధ్యలో ఉండగా, హాల్లోంచి గొంతెత్తి ఎవరో అన్నారు:

"ఇష్టమేనండీ! చాలా ఇష్టం!"

వెంటనే నాన్న "ష్ష్!" అన్నాడు.

ఆమె తలుపు తీసింది. అమ్మా నాన్నా పెదాల మీద వేళ్లు పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. అతను నేరం చేసినవాడిలా నిలబడ్డాడు.

"మా అమ్మాయంటే ఇష్టమా అని మీ అమ్మగారు గుసగుసగానే అడిగారండీ. నేనే... క్షమించండి. మళ్లీ చదవండి, ఈసారి వీధిలో నిలబడతాను."

"వెళ్లు, బాబూ," అంది అమ్మ నవ్వుతూ. "వీధిలోకి కాదు, లోపలికి."

"రండి," అంది ఆమె. "ఇప్పుడు వణకదు."

వణకలేదు. సాయంత్రం కాకముందే నమూనా వెళ్లింది, వారం తిరక్కుండా పని వచ్చింది. కంపెనీవాళ్లు విన్నది మాత్రం రెండో టేకే. మొదటిది ఆమె చెరపలేదు. నాన్న "ష్ష్" తో సహా అలాగే దాచుకుంది.