రంగు అంటని గోడ

హేలాపురి రాజ్యంలో ఏరు ఎటు పారాలో చిత్రకారులే నిర్ణయించేవారు. రాజధానిలోని పెద్ద పటం మీద ఏటిని గీసి, మేఘగిరి గుహ గోడ మీద కూడా అలాగే గీస్తే చాలు, నీళ్లు ఆ దారి పట్టేవి. ఆ ఏడు మాత్రం గుహకు వెళ్లిన చిత్రకారులంతా వట్టి చేతులతో తిరిగి వచ్చారు. గోడకు రంగు అంటడం లేదట! కొత్త ఏటి కోసం కాచుకున్న ముంజేరు ఊళ్లో పైరు నిలువునా ఎండిపోతోంది.

ఆ ఊరి పిల్లే తరళ. చిత్రకారుల బృందంలో అందరికన్నా చిన్నది. తను వెళ్తానని ముందుకొస్తే, వసుకీర్తి మహారాజు సంతోషించి తన ఉంగరం ఇచ్చాడు.

"ఇది చూపించు తల్లీ. అక్కడ ఏం చెప్పవలసి వచ్చినా నా మాటగా చెప్పు. ఎవడు కాదంటాడో చూద్దాం!" అన్నాడు.

తరళ పులుల అడవి దాటి, మొసళ్ల మడుగు ఈది గుహ చేరింది. వాకిట్లో రాతి సింహం కళ్లు తెరిచింది.

"ఎవరు నువ్వు?"

తరళ దర్జాగా ఉంగరం చూపింది.

"ఓహో, రాజుగారి మనిషివా! లోపలికెళ్లి కళ్లారా చూసుకో. కుంచె మాత్రం ఇక్కడ పెట్టు."

"అదేమిటి? ఇది రాజుగారి ఉంగరం!"

"రాజుకు అన్నీ చెల్లుతాయి. రాజు పంపిన మనిషికి చూపు ఒక్కటే చెల్లుతుంది."

చిత్రకారిణి అయ్యుండి ఉంగరం చూపించిన తన తెలివికి తనకే నవ్వొచ్చింది తరళకు. ఉంగరం కొంగున ముడేసుకుని, రంగు నూరి నూరి నీలిమందు పట్టిన అరచేయి చాపింది. "ఓ, చిత్రకారిణివా! అయితే కుంచెతోనే వెళ్లు" అని సింహం పక్కకు జరిగింది.

లోపల గోడ మీద ఎంత గీసినా రంగు జారిపోతూనే ఉంది. తరళకు ఏడుపొచ్చింది. మూల కూర్చున్న శిలోదరుడనే రాక్షసుడు పకపకా నవ్వాడు.

"పోయిన ఏడు మీ రాజు ముచ్చటపడి వచ్చి ఏటి మొదలు గీశాడు. రాజు గీసింది రాజుదే. దాని మీద ఇంకొకరి రంగు అంటదు. నీ కొంగున ఉన్న ఆ ఉంగరం గోడకు ఆనించి 'ఇది నాది' అను. నీదైపోతుంది."

తరళ ముడి విప్పి ఉంగరం ఆనించింది, కానీ 'నాది' అనబోయి ఆగింది. తనదైతే తన ఊరికి నీళ్లొస్తాయి. రేపు ఇంకో ఊరి కోసం వచ్చేవాడి గతేమిటి?

"రాజుగారి మాటగా చెబుతున్నాను. ఇది మా బృందం అందరిదీ! ఇకమీద ఇక్కడ ఎవరు గీసినా అది అందరిదే!"

"అయ్యో, ఇక్కడ 'నాది' అన్నవాళ్లే నాకు మేత. నువ్వలా అనుంటే మింగేవాణ్ణే!" అని రాక్షసుడు ఉసూరుమన్నాడు.

తరళ కుంచె ఆనించగానే రంగు నిలిచింది. కొండ కింద నీళ్ల హోరు వినిపించింది. ఆమె ఇంటికి చేరేసరికి ముంజేరు పచ్చగా నవ్వుతోంది.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు, రాజధానికి వచ్చిన తరళతో.

"మీకు మళ్లీ గీయాలని ఉందా మహారాజా?"

"ఉంది తల్లీ" అన్నాడు రాజు సిగ్గుపడుతూ.

"అయితే మా బృందంలో చేరండి. ముందు రంగు నూరాలి మరి!"

మరుసటి ఏడు గుహ వాకిట్లో ఒక పెద్దాయన అరచేయి చాపాడు. దాని నిండా నీలిమందే. ఆయన రాజని సింహానికి తెలియనే తెలియదు. హాయిగా పక్కకు జరిగి దారిచ్చింది.