గొట్టం అవతల ఊపిరి

మా తమ్ముడూ నేనూ లీకులు వెతుకుతాం. ఈ మాట చెప్పగానే అందరూ మమ్మల్ని ప్లంబర్లనుకుని, తమ వంటింట్లో కారే కుళాయి సంగతి ఎత్తుకుంటారు. మాది ఇంకొంచెం తడి పని. ఊరికి నీళ్ళు మోసుకెళ్ళే లావుపాటి పైపు జలాశయం అడుగున పడి ఉంటుంది. దానికి చిల్లు పడితే పైనుంచి కనిపించదు, వినిపిస్తుంది. నేను పడవలో కూర్చుని, నీళ్ళలోకి మైకు వదిలి, దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి చెవులు రిక్కించి వింటాను. చోటు దొరికాక వాడు దిగి పట్టీ బిగించి వస్తాడు. వాణ్ణి అందరూ నీటిపిల్లి అంటారు. నేల మీద మాత్రం గడప తట్టుకుని పడే రకం.

ఆ మధ్యాహ్నం మంచు ఎంత కమ్మిందంటే పడవ ముందు కొస కూడా సరిగా కనిపించలేదు. రేపు చూద్దాంలేరా అన్నాను. "రేపటికి ఊరంతా బకెట్లు పట్టుకుని రోడ్డెక్కుతుంది అక్కా," అన్నాడు. మరదలికి నెలలు నిండాయి. బయల్దేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పైన నువ్వుంటావుగా వదినా, నాకు భయం లేదు," అంది. వాణ్ణి క్షేమంగా ఇంటికి తేవడమనే భారం అలా నవ్వుతూనే నా నెత్తిన పెట్టి పంపింది.

మా పడవలో ఉన్నది ఒకటే బ్యాటరీ. ఇంజన్‌ని లేపేది అదే. తమ్ముడికి గొట్టంలోంచి గాలి పంపే చిన్న మిషన్ నడిచేదీ దాని మీదే. నా ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు పీకితే అక్కడికక్కడే కన్ను మూస్తుంది. దానికీ పడవ బ్యాటరీయే దిక్కు, మధ్యలో ఇటుకంత ఇన్వర్టర్ ఒకటి. ఇంజన్ తిరిగితే బ్యాటరీ మళ్ళీ నిండుతుంది. కానీ మనిషి నీళ్ళలో ఉండగా ఇంజన్ ముట్టుకోకూడదు. వెనకాల తిరిగే రెక్కలకి మనవాడని జాలి ఉండదు. ఈ ఒక్క నియమం మేమెప్పుడూ తప్పలేదు.

లీకు తొందరగానే దొరికింది. మైకుని గొట్టం చివర, వాడి నోటికి దగ్గరగా కట్టాను. వాడు వెనక నిచ్చెన మీంచి దిగాడు. మంచులో గాలిమిషన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పెట్రోలు వాసన, నానిన తాడు వాసన. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం మా తమ్ముడి ఊపిరి... లోపలికి, బయటికి. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా వాడి పక్కన పడుకుని విన్న ఊపిరే అది. వేలమందిలోనైనా గుర్తుపడతాను.

కాసేపటికి పానాతో పైపు మీద రెండు దెబ్బలు వినిపించాయి. పట్టీ బిగిసిందని గుర్తు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడే ఇన్వర్టర్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. బ్యాటరీ అడుగంటుతోంది. ల్యాప్‌టాప్ ఆపేద్దామని చెయ్యి చాపాను.

పడవ వెనక్కి వంగింది. ఎవరో నిచ్చెనెక్కిన బరువు.

"ఆగక్కా."

తమ్ముడే. వెనక పలక మీద కూర్చుని ఉన్నాడు. నోట్లో గొట్టం లేదు. జుట్టులోంచి నీళ్ళు కారి కళ్ళలో పడుతున్నా తుడుచుకోలేదు. రెప్ప కూడా వేయలేదు.

"గొట్టం ఏదిరా?"

"పైపు కింద ఇరుక్కుంది. వదిలేసి వచ్చేశాను."

ప్రాణం లేచొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచాను. హెడ్‌ఫోన్స్ ఇంకా నా చెవుల మీదే ఉన్నాయి. వాటిలో ఊపిరి... లోపలికి, బయటికి.

"ఒరేయ్," అన్నాను. "కింద ఎవరో ఊపిరి తీసుకుంటున్నార్రా."

"ఎవరుంటారక్కా? నేనిక్కడే ఉన్నాగా. మిషన్ తోస్తున్న గాలి గొట్టంలోంచి బుడబుడమని పోతోంది, అంతే."

న్యాయంగానే ఉంది. వాడి గొంతే. నొసటి మీద చిన్నప్పటి గాటు కూడా వాడిదే. ఇన్వర్టర్ అరుపు ఆపట్లేదు. నాకు బుర్ర పనిచేయలేదు.

"అనుమానమా?" వాడు నెమ్మదిగా అన్నాడు. "గాలిమిషన్ ఆపు. ల్యాప్‌టాప్ ఉండనీ. అది గొట్టం చప్పుడే అయితే ఆగిపోతుంది. నీ చెవుల్తో నువ్వే విను."

ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. గాలి ఆపితే గొట్టం చప్పుడూ ఆగుతుంది, మనిషి ఊపిరీ ఆగుతుంది. పసిపిల్లకి కూడా తెలిసే సంగతి. కానీ ఎదురుగా నా తమ్ముడు తడిసి ముద్దై కూర్చుని ఉన్నాడు. కంటికి కనిపించేవాణ్ణి కాదని చెవిని నమ్మమంటే ఎవరు నమ్ముతారు?

మిషన్ ఆపాను.

ఊపిరి ఆగింది.

"చూశావా," అన్నాడు వాడు.

నేను ఏడ్చాను. నిజంగానే, హాయిగా ఏడ్చాను. వాడు లేచి ఇంజన్ దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో పానా దెబ్బ వినిపించింది. ఒకటి. ఇంకొకటి. తర్వాత ఆపకుండా... ఆపకుండా... ప్రాణం మీదికొస్తే కొట్టే దెబ్బలు. తర్వాత పానా ఎక్కడో పడిన చప్పుడు. నీళ్ళలో కాళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు.

గాలి అందని మనిషి ఏం చేస్తాడు? పైకి వస్తాడు.

"తాళం తిప్పకు," అన్నాను. "ఒరేయ్, నీళ్ళలో మనిషి ఉన్నాడు. తిప్పకు."

వాడు నా వైపు చూశాడు. కోపం లేదు. విసుగు కూడా లేదు. పనిలో పడ్డవాడు ఈగ వైపు చూసినట్టు చూశాడు. తాళం తిప్పాడు.

ఉన్న కాస్త కరెంటునీ ఇంజన్ లాగేసుకుంది. ల్యాప్‌టాప్ ఆరిపోయింది. హెడ్‌ఫోన్స్ మూగబోయాయి. ఇంజన్ దగ్గి, దగ్గి, అందుకుంది.

పడవ అడుగున ఏదో తగిలింది. మెత్తగా. రెక్కలు ఒక్క క్షణం తడబడి మళ్ళీ తిరిగాయి.

"మొద్దేదో అయ్యుంటుందిలే," అన్నాడు.

గొట్టాన్ని కత్తితో కోసి నీళ్ళలోకి వదిలేశాడు. కొత్తది కొనుక్కుందాంలే అన్నాడు. నేను వంగి నీళ్ళలోకి చూడబోయాను. భుజం మీద చెయ్యి వేసి వెనక్కి కూర్చోబెట్టాడు. చెయ్యి చల్లగా ఉంది. నీళ్ళలోంచి వచ్చినవాడి చెయ్యి చల్లగానే ఉంటుంది, ఏం చెప్పను? మంచు మూసుకుపోయింది. నేను నోరు మూసుకున్నాను. మేం ఒడ్డుకి వచ్చేశాం.

మర్నాడు ఇంకో డైవర్ని బతిమాలి దింపాను. పట్టీ చక్కగా బిగించి ఉందన్నాడు. పానా బురదలో దొరికిందన్నాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాను. "ఏం పోగొట్టుకున్నావమ్మా?" అన్నాడు. ఎవరికైనా ఏమని చెప్పను? మా తమ్ముడు పోయాడనా? ఒడ్డున నిలబడి మాకు టీ పోస్తున్నది వాడే.

పాప పుట్టింది. వాడు ఎత్తుకున్నాడు. మా అమ్మ మురిసిపోయి, "అంతా నాన్న పోలికే," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

నిన్న మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. పక్కన ఎవరో పడుకుని ఉన్నట్టు గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"వదినా, ఒకటి చెప్తాను, నవ్వకు. ఆయన నిద్రపోయాక ఊపిరి తీసుకోవట్లేదు. ఎంతసేపు చూసినా ఛాతీ కదలదు. నాకు భయమేసి మంచం మీద లేచి కూర్చుంటాను. అప్పుడు మొదలుపెడతాడు."

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"ఆయనకి ఏదైనా జబ్బేమో, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాంలే అనుకున్నాను. కానీ వదినా..."

"చెప్పమ్మా."

"రెండ్రోజుల్నుంచి పాప కూడా అలాగే చేస్తోంది."