పిడి నిలవని కత్తి

పటాన్‌చెరులో కంపెనీ బస్సులు మలుపు తిరిగే సందులో సంగప్ప కిరాయికి ఉండేవాడు. రెండే గదులు. ముందుగది కిటికీ పక్కన ఒక బల్ల, దానికి బిగించిన, ఇనుమును దవడల మధ్య కరిచి పట్టే వైస్. బొల్లారంలో మందుల కంపెనీలో ఫిట్టర్ అతను. వారమంతా పైపులు, వాల్వులు బిగించి వచ్చిన మనిషి ఆదివారం కూడా ఇనుమే పట్టుకుని కూర్చుంటాడని భార్య అరుణమ్మ విసుక్కునేది. కానీ సంగప్పకు ఆ పని వేరు, ఈ పని వేరు. కత్తులకు పిడులు చేయడం అతనికి సరదా. టేకు ముక్కో సండ్ర ముక్కో కోసి, ఇత్తడి రివిట్లు దిగ్గొట్టి, ఆకురాయితో దిద్ది, అవిసె నూనె పట్టించి మెరిసేదాకా రుద్దేవాడు. అమ్మేవాడు కాదు. బావకొకటి, షిఫ్టులో తోటివాళ్లకొకటి చేసి ఇచ్చేవాడు.

ఎవరికి చేసినా ముందు వాళ్ల చెయ్యి తీసుకునేవాడు. పిడిలోకి దూరే కత్తి తోకకు తడి బంకమట్టి మెత్తి, "గట్టిగ పట్టు" అనేవాడు. మట్టిలో పడిన వేళ్ల గుర్తులను చూసుకుంటూ చెక్కను దిద్దేవాడు. అతను చేసిన పిడి పట్టుకుంటే ఎవరో చెయ్యి కలిపినట్టు ఉంటుందని అందరూ అనేవాళ్లు.

"అందరికి చేసిస్తవ్. ఇంట్ల ఉన్నదానికి మాత్రం మొండి కత్తే," అంది అరుణమ్మ ఒకనాడు.

ఆ మాట మనసులో పెట్టుకుని సంగప్ప పాత ఇనుప సామాన్ల తాజ్ మొహమ్మద్ దుకాణానికి వెళ్లాడు. తుక్కు కుప్పలో పిడి లేని కత్తి ఒకటి కనిపించింది. కోసే అలుగు నలుపు, వెన్ను మందం. వేలితో మీటితే ఖంగుమని మోగింది. మంచి ఉక్కు.

"అది వద్దు భాయ్," అన్నాడు తాజ్ మొహమ్మద్. "దానికి పిడి నిలవదు. ముగ్గురు బిగించుకున్నరు. ముగ్గురూ తెచ్చి మల్ల ఈడనే పడేసి పోయిన్రు."

"బిగించుడు రాక."

"ఏమో భాయ్. ఎందుకని అడిగితే ఒక్కడు గూడ చెప్పలే."

సంగప్ప నవ్వి, కత్తిని గోనెసంచి ముక్కలో చుట్టుకుని తెచ్చుకున్నాడు. పిడి నిలవదంటే అతనికి పౌరుషం వచ్చింది.

ఆదివారం పొద్దున అరుణమ్మ చేత మట్టిముద్ద పట్టించి, తడిగుడ్డ కప్పి కిటికీలో పెట్టాడు. చెక్కలు కోసుకుని మధ్యాహ్నం గుడ్డ తీశాడు. మట్టిలో ఉన్నది అరుణమ్మ చెయ్యి కాదు. వేళ్ల గుర్తులు తన వేళ్లకన్నా లావుగా ఉన్నాయి. అంతే అయితే ఎవరో ముట్టుకున్నారని సరిపెట్టుకునేవాడే. కూరగాయలు కోసే చేతికి బొటనవేలు అలుగు వైపు ఉంటుంది. ఇక్కడ అలుగు వైపు ఉన్నది చిటికెన వేలు. మొన కిందికి దించి పట్టుకున్న పిడికిలి అది. పొడిచే పిడికిలి.

"దీన్ని ముట్టినవా?"

"నాకేం పని? బట్టలుతికెతందుకే పొద్దు చాలలే," అంది అరుణమ్మ పెరట్లోంచి.

సంగప్ప మట్టి గీకేశాడు. భార్య చెయ్యి అతనికి తెలియనిదా? జ్ఞాపకం మీదే చేద్దామనుకుని చెక్కలు అతికించి రివిట్లు కొట్టాడు.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. పారిశ్రామికవాడ గాలి రోజూలాగే కుళ్లిన గుడ్ల వాసన మోసుకొచ్చింది. దాని అడుగున ఇంకో వాసన... తల స్నానం చేసి ఆరబెట్టుకోని జుట్టు వాసన. కత్తి మీదికి వంగినప్పుడల్లా అది ఎక్కువవుతోంది. వాన మొదలైంది. కరెంటు పోయింది. వంటింట్లో అరుణమ్మ దీపం వెలిగించుకుని పొయ్యి ముందు కూర్చుంది. జొన్నరొట్టె కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తప్... తప్... తప్...

సంగప్ప పని ఆపలేదు. పిడి దిద్దడానికి కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. చీకట్లో ఆకురాయి తనంతట తనే నడుస్తున్నట్టు హాయిగా ఉంది. చాలాసేపటికి అనుమానమొచ్చి అగ్గిపుల్ల గీశాడు.

పిడి పూర్తయింది. నాలుగు వేళ్ల పల్లాలు... చిటికెన వేలి పల్లం అలుగు వైపు.

వాటిని దిద్దింది తన చెయ్యే.

సరిచూద్దామని పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు. లావుపాటి వేళ్లకు చేసిన పల్లాల్లో అతని వేళ్లు అతికినట్టు కూర్చున్నాయి. వదలబోయాడు. పిడికిలి విడలేదు. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ లాగాడు. ఇనుపకొక్కేల్లా ఉన్నాయి.

వంటింట్లో తప్... తప్...

ఆ చప్పుడుకు తన కాలు కదిలింది. ఒక అడుగు. మళ్లీ తప్... ఇంకో అడుగు. గడప అవతల దీపం వెలుగులో అరుణమ్మ వీపు. మెడ మీద చెమట. చెయ్యి పైకి లేస్తోంది... తను లేపడం లేదు.

"అరుణా..." గుసగుసే వచ్చింది. "ఎనకకు చూడకు."

చప్పుడు ఆగింది. "ఏమైందయ్యా?"

"అడగకు. పెరట్లకు పో. బయట గొళ్లెం పెట్టు. చుట్టు తిరిగి ముందల తలుపుకు గూడ పెట్టు. నేను పిలిస్తె గూడ తియ్యకు... జల్దీ..."

ఆమె చూడలేదు. పిండిచేతులతోనే లేచి పరుగెత్తింది. వెనక గొళ్లెం పడింది. కాసేపటికి ముందు తలుపు గొళ్లెం పడింది. మధ్యలో గాలికి దీపం ఆరిపోయింది.

చీకట్లో చెయ్యి అతన్ని తలుపు వైపు ఈడ్చింది. సంగప్ప ఫిట్టరు. బలం ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు. ఒంటి బరువంతా బల్ల మీద వేసి, అలుగును వైస్ దవడల మధ్యకు తోసి, ఎడమచేత్తో దాని కడ్డీ తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఉక్కు కిర్రుమంది. చెయ్యి గుంజుకుంటోంది... భుజం ఊడొచ్చేలా ఉంది... అతను పళ్లు బిగించి, నోరు తెరవకుండా బల్లకు అతుక్కుపోయాడు.

అప్పుడు వంటింట్లో మొదలైంది.

తప్... తప్... తప్...

దీపం ఆరిన వంటింట్లో, ఎవరూ లేని చోట, తీరిగ్గా, ఎవరో రొట్టె కొడుతున్నారు. అతను తల తిప్పలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తడి జుట్టు వాసన గది నిండింది.

ఎంతసేపో. ఒక్కసారిగా కరెంటు వచ్చింది. చప్పుడు ఆగింది. సంగప్ప కళ్లు తెరిచి చూస్తే తన చెయ్యి ఖాళీగా ఉంది. వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. వైస్ దవడలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. బల్ల కింద కత్తి లేదు. ఆ గదిలో ఎక్కడా లేదు.

"అరుణా, అయిపోయింది. తియ్యి," అన్నాడు.

గొళ్లెం వెంటనే తీయలేదు. "నా పేరేంది?" అని అడిగింది అవతలి నుంచి.

"ఏం మాటలవి? అరుణమ్మ."

అప్పుడు తీసింది. వానకు ముద్దయి ఉంది. అతని ఖాళీ చేతిని చూసి, గడప దాటి లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

"ఇంతసేపు తలుపు కొట్టి కొట్టి పిలిచినవ్ గదా," అంది. "తియ్యమని బతిమాలినవ్, ఏడ్చినవ్. నీ గొంతే. నేను తీసేదాన్నే. కని నా పేరు పిలువలే నువ్వు."

"నేను బల్ల కాడనే ఉన్న అరుణా. నోరే తెరవలే."

"మరి ఎవరయ్యా..."

"ఏమని పిలిచింది ఆ గొంతు?"

ఆమె చెప్పింది. ఆ పేరు గల మనిషి వాళ్ల చుట్టాల్లో లేదు, ఆ సందులో లేదు. సంగప్ప అర్థంకాక పైకే అనుకున్నాడు.

"మల్లవ్వనా?"

వంటింట్లోంచి ఒక ఆడగొంతు పలికింది.

"ఆఁ... వస్తున్న."