ఆరుసార్లు తెగిన చెప్పు

"టైపు చేసి పెట్టప్పా అంటే తీర్పు చెప్తాండావేంది?"

హాసిని కోపం ప్రొద్దుటూరు ఎండతో పోటీ పడుతోంది. డీటీపీ షాపు శివశంకర్ మాత్రం కీబోర్డు మీద నుంచి చేతులు తీసి తాపీగా నవ్వాడు.

శనివారం పులివెందుల కాలేజీలో ఆమె మొదటి సెమినార్. ఒక పాత నవలలోని పనిమనిషి సుంకులి గురించి స్త్రీవాద పరిశీలన. యజమానురాలి ప్రేమలేఖలు మోసే సుంకులి ప్రతిసారీ ఆలస్యంగా తిరిగొస్తుంది. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "చెప్పు తెగిందమ్మా." నవల మొత్తంలో ఆరుసార్లు. మంచి చెప్పులకైనా నోచుకోని పేదరాలని హాసిని నాలుగు పేజీలు కన్నీళ్లతో నింపింది.

"మేడమ్, మాది జమ్మలమడుగు పక్క పల్లె. మా నాయన మునెయ్య దినామూ గొర్రెల ఎనకాల పది మైళ్లు నడుస్తాడు. ఒక జత ఏడాది వస్తుంది. నాలుగు వీధులు తిరిగే సుంకులికి ఆరుసార్లు ఎట్ల తెగుతుంది?"

"అంటే?"

"మీరు రాసుకొచ్చిన నవల ముక్కల్లోనే ఆరుసార్లూ బావికాడ బండి తోలే ఎర్రన్న ఉండాడు, చూసుకోండి. ఆ యమ్మ అబద్ధం చెప్తాంది."

"రచయిత అట్ల రాయలేదే!"

"రచయిత కూడా ఆ యమ్మ మాట నమ్మినాడు. మీరూ నమ్మినారు. ఆమె కష్టం చూసినారు గానీ, ఆమెకూ ఒక మనసుందని మర్సిపోయినారు."

హాసినికి ఒళ్లు మండింది. విసవిసా ఇంటికొచ్చి నవల తెరిచింది. ఆరు చోట్లా ఎర్రన్న ఉన్నాడు, ఎద్దులకు నీళ్లు పెడుతూ. చదువుకున్నదాన్ని, ఇది ఎలా కనపడలేదని సిగ్గుపడింది.

మరునాడు ఆ నాలుగు పేజీలూ కొట్టేయించి, సుంకులి ప్రేమ గురించి కొత్త పేజీలు టైపు చేయించింది. ఆ తర్వాత రోజూ దిద్దుబాట్లే. ఒకరోజు కామా, ఒకరోజు ఫుట్‌నోట్. ఒకరోజైతే దిద్దడానికేమీ లేక ఫాంటు బాగాలేదంది. శివశంకర్ పదకొండు ఫాంట్లు చూపించాడు. మళ్లీ మొదటిదే బాగుందంది. అయినా అతనికి కోపం రాలేదు, అదేం విచిత్రమో!

శనివారం పులివెందులలో చప్పట్లు బాగానే పడ్డాయి. చివర్లో ఒక పెద్దాయన లేచి, "సుంకులి ప్రేమించిందనడానికి రుజువేది తల్లీ?" అన్నాడు. హాసిని పేపరంతా తిరగేసింది, దొరకలేదు.

సాయంత్రం ప్రొద్దుటూరులో బస్సు దిగేసరికి వాన. తడుస్తూ నేరుగా షాపుకే పోయింది.

"రుజువడిగినారు. బెల్లం కొట్టిన రాయి మాదిరి నిలబడినా."

శివశంకర్ టీ తెప్పించాడు. వానను చూస్తూ, "పేపరు పని అయిపాయ. ఇంక ఈ పక్క రారు గదా?" అన్నాడు. ఆ గొంతులో రోజూ ఉండే ఎకసక్కెం లేదు.

హాసిని టీ గ్లాసు కింద పెట్టింది. నిజమే, ఇక సాకు లేదు.

"థీసిస్ ఉంది. మూడు వందల పేజీలు."

"అదీ అయిపోతే?"

"నిదానంగా టైపు చెయ్యి. శానా నిదానంగా. ఇంకో మాట, మేడమ్ అనొద్దు."

"నువ్వు రాని దినం నాకు పొద్దే పోదు హాసినీ," అనేశాడు శివశంకర్. వాన వెలిసిన సంగతి ఇద్దరూ చూడలేదు.

ఇంటి గడపలో అమ్మ కామాక్షి నిలబడి ఉంది. "బస్సు వచ్చి గంటన్నరాయ. బస్టాండు నుంచి పది నిమిషాల దోవ. యాడికి పోయినావే?"

"చెప్పు తెగిందమ్మా."

నోరు జారాక గాని తెలియలేదు. పెద్దాయన అడిగిన రుజువు ఇదిగో, ఈ గడపలోనే ఉంది.

కామాక్షి కిందికి చూసింది. కూతురి చెప్పులు నిక్షేపంగా ఉన్నాయి.

ముప్పై ఏళ్లు అదే నవలను పాఠం చెప్పిన తెలుగు మాస్టారు, నాన్న నాగభూషణం, పేపరు దించాడు. "ఎన్నోసారి?"

"ఆరోసారి నాన్నా." తల వంచుకునే అసలు సంగతీ చెప్పేసింది. "డీటీపీ షాపు శివశంకర్. వాళ్లు గొర్రెలు మేపుకునేవాళ్లు."

నాగభూషణం పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ముప్పై ఏళ్లు చెప్పినా, నీ సెమినార్ పేపరు చదివేదాకా ఆ బావికాడ ఏం జరిగిందో నాకు కనపడలేదు," అన్నాడు. "ఆ నవలలో ఎర్రన్నను ఇంటికి పిలిచినోళ్లు లేరు. రేపు కాఫీకి పిల్చుకొని రా."

కామాక్షి విసుక్కుంది. "ఒట్టి కాఫీ ఏంది? అన్నానికే రమ్మను. వాళ్ల నాయన్ను గూడా."