మోపరుల మండపం

పరీక్ష ఇంకా మొదలవనే లేదు, మండపంలో అప్పుడే ఇద్దరు తండ్రులు వాంతి చేసుకున్నారు.

సిబ్బంది ఎవరూ కంగారుపడలేదు. ఏటా ఉండేదే. ఒకతను బకెట్ తెచ్చాడు, ఒకావిడ నిమ్మకాయ నీళ్ళు తెచ్చింది. బారులు తీరిన పడక కుర్చీల్లో నాలుగు వందలమంది అమ్మానాన్నలు మెడలకు నల్లటి పట్టీలు కట్టుకుని, కుర్చీ చేతులు బిగించి పట్టుకుని కూర్చున్నారు. రోడ్డుకు అవతల కాకినాడ పరీక్షా కేంద్రం గేటులోంచి వాళ్ళ పిల్లలు లోపలికి వెళుతున్నారు. ఒక్క మొహంలోనూ బెరుకు లేదు. సంతలో కూరగాయలు కొనడానికి వెళ్ళినట్టు వెళుతున్నారు.

2071లో వైద్య ప్రవేశ పరీక్ష ఇలాగే జరుగుతుంది. పరీక్ష పిల్లలది, భయం పెద్దలది.

ఈ ఏర్పాటును కనిపెట్టిన మనిషి మూడో వరసలో కూర్చుని ఉంది. పేరు డాక్టర్ లాస్య. ఇన్నేళ్ళూ ఈ మండపాలకు పర్యవేక్షకురాలిగా వచ్చేది. ఈసారి తల్లిగా వచ్చింది. ఆమె కూతురు మేదిని ఇప్పుడే గేటు దాటింది.

ఈ ఏర్పాటు పేరు భయవాహిని. దాని సూత్రం చిన్నదే. మెదడులో బాదంగింజంత భాగం ఒకటుంది, అమిగ్డలా. భయం రాజుకునేది అక్కడ. రాజుకున్న భయం ఒంట్లోకి దిగకముందే, పిల్లల చెవి వెనక అంటించిన బిళ్ళ దాన్ని పట్టి బయటికి పంపేస్తుంది. అయితే భయాన్ని చంపడం లాస్య వల్ల కాలేదు. ఎన్ని ప్రయోగాలు చేసినా అది ఎక్కడో ఒకచోట ఉండితీరింది. ఇంకొక ఒంటికి మళ్ళించడం మాత్రమే కుదిరింది. ఆ ఒంటికి మెడపట్టీ ఉండాలి. పట్టీ కట్టుకుని భయం మోసేవాళ్ళకు మోపరులని పేరు పెట్టింది కూడా ఆమే. మోపరికి అందేది ఉత్త భయం. అది దేన్ని చూసి పుట్టిందో పట్టీ చెప్పదు.

ఒక్కటే కట్టడి. మధ్యలో పట్టీ తియ్యకూడదు. తీస్తే అప్పటిదాకా మోసిన భయమంతా ఒక్కసారిగా పిల్లల మీద విరుచుకుపడుతుంది. నిరుడు ఒక తండ్రి ఓర్చుకోలేక పట్టీ లాగేశాడు. లోపల అతని కొడుకు కుర్చీలోంచి కింద పడ్డాడు. తెలివి వచ్చాక కూడా ఆ పూటంతా తన పేరు తను చెప్పుకోలేకపోయాడు.

"మావోడు బొద్దింకను చూస్తే మంచమెక్కుతాడండి," అన్నాడు పక్క కుర్చీలో ఉన్న సూరిబాబు. గొల్లప్రోలు దగ్గర రొయ్యల చెరువులున్నాయట. "ఇయ్యాల చూడండి, పెళ్ళికొడుకులాగ నడుచుకుంటా ఎళ్ళిపోయాడు. ఇక్కడ నాకేమో కాళ్ళు చల్లబడిపోతన్నాయండి, ఆయ్."

"మొదటి గంటే కష్టం. తర్వాత తగ్గుతుంది," అంది లాస్య.

"మీకెలా తెలుసండి? ఇంతకుముందు మీ పెద్దపిల్లకి కూడా మోసేరా?"

"ఎక్కడో చదివాను."

"ఈ దిక్కుమాలిన మిషను కనిపెట్టినోడు కనపడితే రొయ్యల చెరువులో ముంచేద్దునండి."

లాస్య నవ్వబోయింది. అంతలో బెల్లు మోగింది.

నవ్వు మొహంమీదే గడ్డకట్టింది. గుండె గొంతులోకి వచ్చింది. నాలుక పిడచకట్టుకుపోయింది. ఎవరో వెనకనుంచి వస్తున్నారు, వచ్చేశారు, మెడమీద ఊపిరి తగులుతోంది అన్నట్టుంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. నాలుగో వరసలో ఒక తల్లి కళ్ళు గట్టిగా మూసుకుని చీర చెంగు కొరుకుతోంది. అంతే.

"మేదిని భయమట్టం నూటికి డెబ్భై," అంది చెవిలో యంత్రం. దాని పేరు తోడు. "ఊపిరి మెల్లగా తీసుకోండి డాక్టర్ గారూ."

డెబ్భై! ఈ పిల్ల రెండేళ్ళుగా ఇంత భయాన్ని ఎక్కడ దాచుకుంది?

రెండేళ్ళూ రాజమండ్రిలో హాస్టల్. పొద్దున జంతుశాస్త్రం, మధ్యాహ్నం రసాయనం, సాయంత్రం నమూనా పరీక్ష. ప్రతి ఆదివారం తెరమీద మేదిని మొహం కనిపించగానే లాస్య అడిగే మొదటి మాట, "ఎన్ని వచ్చాయి?" తక్కువ వస్తే తిట్టేది కాదు. కొట్టేది కానే కాదు. కాసేపు మాట్లాడకుండా ఊరుకునేది. అంతకంటే నెమ్మదైన తల్లి ఉండదని చుట్టాలందరూ అనేవాళ్ళు.

సగం పరీక్ష గడిచింది. ఉన్నట్టుండి లాస్య మెడమీద ఊపిరి ఆగిపోయింది.

"భయమట్టం సున్నా," అంది తోడు.

ఆమె తుళ్ళిపడింది. ఇరవై వచ్చేది, పది వచ్చేది. ఇన్నేళ్ళలో ఏ పిల్లకూ సున్నా రాలేదు. వరసల మధ్యనుంచి సహాయ శాస్త్రవేత్త ఇమ్మానుయేలు భయమట్టాలు చూపే పలక పట్టుకుని దాదాపు పరుగున వచ్చాడు.

"బిళ్ళ ఊడిందేమో అనుకున్నా మేడం. లేదు, బానే ఉంది. నాడి చూస్తే పాప తోటలో కూర్చుని గాలి పీల్చుకుంటున్నట్టుంది."

"పేపర్ తేలిగ్గా వచ్చిందేమో."

"అయ్యుండొచ్చు." కదలకుండా అక్కడే నిలబడ్డాడు. "ఇంకోటి మేడం. ఆ ఆఖరి ఉప్పెన సంగతి. ఆఖరి బెల్లు కొట్టాక అందరికీ భయం మళ్ళీ లేస్తోంది కదా. హాస్టల్ పరీక్షల్లో వార్డెన్లే మోపరులు. అక్కడ ఒక్కసారి కూడా లేవలేదు."

"పరీక్ష అయిపోయాక నరాలు సడలుతాయి. అందువల్ల వచ్చేదే అది. వ్యాసంలో అలాగే రాశాం కదా ఇమ్మానుయేలూ!"

"రాశామండి. కానీ సడలడమైతే ఒక్కసారి లేచి పడిపోవాలి. ఇది పిల్లలు గేటువైపు నడుస్తున్నకొద్దీ పెరుగుతోంది."

"తర్వాత చూద్దాం."

అతను వెళ్ళిపోయాడు. లాస్య తన చేతులు చూసుకుంది. వణుకుతున్నాయి.

"తోడూ, అవతల సున్నా అంటున్నావు. మరి నా చేతులెందుకు వణుకుతున్నాయి?"

"నేను మేదిని వైపు మాత్రమే కొలవగలను డాక్టర్ గారూ. మీ వైపు కొలిచే పరికరం మీరు పెట్టలేదు."

ఆఖరి బెల్లు మోగింది.

మోపరులందరూ లేచి రోడ్డు దాటి గేటు ముందుకు చేరారు. ఎండ నడినెత్తిన ఉంది. హాలు తలుపులు తెరుచుకున్నాయి. దూరంగా మెట్లమీద తెల్లచొక్కాల గుంపు. అందులో మేదిని జడ కనిపించింది.

"ముప్ఫై," అంది తోడు.

మేదిని మెట్లు దిగింది. యాభై. పూలకుండీల పక్కనుంచి మలుపు తిరిగింది. డెబ్భై. ఆ పిల్ల తలెత్తి గేటు బయట జనంలో వెతికి తల్లిని చూసింది.

"తొంభై."

పక్కన సూరిబాబు గేటు ఊచలు పట్టుకుని, "ఇదేంటండీ, పరీక్ష అయిపోయింది కదండీ! ఇంకా దేనికండీ!" అని ఏడుపుగొంతుతో అంటున్నాడు.

ఒళ్ళంతా వణుకుతున్నా లాస్యలో శాస్త్రవేత్త మేలుకుంది. గేటు పక్కన లావుపాటి సిమెంటు స్తంభం ఉంది. ఆమె రెండడుగులు వేసి దాని చాటుకు తప్పుకుంది.

"నలభై," అంది తోడు.

ఇవతలికి వచ్చింది.

"తొంభై."

మళ్ళీ చాటుకు వెళ్ళింది. నలభై. తల మాత్రం బయట పెట్టింది. తొంభై.

ఇంతకాలం పత్రికలకు పంపిన వ్యాసాల్లో, సభల్లో చదివిన ఉపన్యాసాల్లో నరాల సడలింపు అని రాసుకుంటూ వచ్చిన ఉప్పెన ఇది. దాని రూపం ఆమెకు ఇప్పుడు తెలిసింది. అది తన మొహం.

పారిపోదామనిపించింది. పట్టీ పీకి పారేద్దామనిపించింది. పీకితే ఈ భయమంతా ఆ పిల్ల మీద పడుతుంది. స్తంభానికి వీపు ఆనించి నిలబడి మనసులో మాటలు పేర్చుకుంది. మార్కుల ఊసెత్తకూడదు. ఆకలేస్తోందా అని అడగాలి. పెసరట్టు తిందామా అనాలి. ఈ రెండు ముక్కలు చాలు. ఆకలేస్తోందా. ఆకలేస్తోందా.

మేదిని స్తంభం దగ్గరికే వచ్చి ఎదురుగా నిలబడింది. మొహం కడిగిన పలకలా ఉంది. లాస్య గుండెమాత్రం పక్కటెముకల్ని పగలగొట్టేలా కొట్టుకుంటోంది. అంత భయంలో మనిషికి కొత్తమాట నోటికి రాదు. అలవాటైన మాటే వస్తుంది.

"ఎన్ని వస్తాయి?" అంది లాస్య.

ఆ మాట గేటు పొడుగునా వినిపించింది. "ఎన్నొత్తాయిరా?" అన్నాడు సూరిబాబు. "ఎన్ని పెట్టావే?" అంది ఇంకో తల్లి. వణుకుతున్న వాళ్ళందరూ అదే అడుగుతున్నారు.

మేదిని తల్లిని నిదానంగా చూసింది.

"తెలీదమ్మా. సగంలో రాయడం ఆపేశాను."

"ఆపేశావా? ఎందుకు?"

"ఎందుకు రాస్తున్నానా అని లోపల వెతుక్కున్నాను. రోజూ లేపి కూర్చోబెట్టేది ఆ భయమే. దాన్ని నువ్వు తీసేసుకున్నావు కదా. చూస్తే ఇంకేమీ లేదక్కడ. నీతో ఎలా చెప్పాలా అన్నదొక్కటే మిగిలింది. అదీ చెప్పేశాను."

"భయమట్టం సున్నా," అంది తోడు. "ఇక పట్టీ తియ్యవచ్చు డాక్టర్ గారూ. అవతలినుంచి ఏమీ రావడం లేదు."

లాస్య పట్టీ విప్పింది. గుండె నెమ్మదిస్తుందని ఎదురుచూసింది. నెమ్మదించలేదు. సీటు పోయింది. రెండేళ్ళు పోయాయి. రేపు ప్రయోగశాలలో అందరూ అడుగుతారు. చుట్టాలు అడుగుతారు. మెడమీద మళ్ళీ ఊపిరి. పట్టీ ఆమె చేతిలో టపటపా కొట్టుకుంటోంది. ఇప్పుడిది ఎవరినుంచీ వస్తున్నది కాదు.

మేదిని ఆ చేతిని పట్టుకుని, పట్టీని మెల్లగా విడిపించి తన భుజాన వేసుకుంది.

"ఇలా ఇవ్వమ్మా," అంది. "మొయ్యడం నాకు అలవాటే."